పెరిగిన సంపద కార్మికుడి ఇంటికి ఏ దారిన చేరుతుంది? చెన్నై చుట్టూ కనిపించే లెక్కలు

క్లుప్తంగా: తమిళనాడు ఆర్థిక వ్యవస్థ 2024-25లో రెండంకెల వేగంతో పెరిగింది. ఆ పెరుగుదల ఉపాధిగా, ప్రజా సంక్షేమంగా మారడం మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఏ రంగం పెరిగింది, ఆ రంగం మనుషులను ఏ షరతుల మీద పనిలో పెట్టుకుంది, పుట్టిన పన్ను ఏ ఖజానాకు చేరింది. వీటిలో తక్కువగా చర్చకు వచ్చేది, ఎక్కువగా ఫలితాన్ని నిర్ణయించేది రెండోది. చెన్నైలోనూ దాని పరిసరాల్లోనూ తెలుగువారు చేస్తున్న పనుల నేపథ్యంలో ఈ సంబంధాన్ని పరిశీలించే ప్రయత్నం ఇది.

## రెండంకెల సంఖ్యలో ఏముంది

తమిళనాడు స్థూల రాష్ట్రోత్పత్తి 2024-25లో స్థిర ధరల లెక్కన (ధరల పెరుగుదలను తీసేసి) 11.19 శాతం పెరిగిందని కేంద్ర గణాంకాల శాఖ సవరించిన అంచనా చెబుతోంది. తొలి అంచనాలో అది 9.69 శాతం. అదే ఏడాది దేశ వృద్ధి 6.5 శాతం. ఈ అంకెలు పత్రికల్లో కనిపించినప్పుడల్లా చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో కూడా ఒక ప్రశ్న వినిపిస్తోంది. రాష్ట్రం ఇంత వేగంగా పెరుగుతుంటే డిప్లొమా చదివిన పిల్లవాడికి ఇంకా కాంట్రాక్టరు కిందే పని ఎందుకు? ఏళ్ల తరబడి ఒకే కంపెనీ గేటు లోపలికి వెళ్తున్న మనిషి గుర్తింపు కార్డు మీద వేరే ఏజెన్సీ పేరు ఎందుకు ఉంటుంది?

ఈ రెండు వాస్తవాల మధ్య నిజానికి వైరుధ్యం లేదు. రాష్ట్రోత్పత్తి అంటే ఒక ఏడాదిలో కొత్తగా చేరిన విలువ. ఒక కర్మాగారంలో వంద రూపాయల విలువ పుడితే అందులో కొంత జీతాలకు, కొంత వడ్డీకి, కొంత అద్దెకు, కొంత యంత్రాల తరుగుదలకు పోతుంది. మిగిలింది లాభం. పంపకం ఎలా జరిగినా వంద వందగానే లెక్కకు వస్తుంది. జీతాల వాటా పడిపోయి ఆ మేరకు లాభం పెరిగితే వృద్ధి రేటులో ఆ మార్పు ఎక్కడా కనపడదు. వృద్ధి రేటును చూసి ఉపాధిని అంచనా వేయడంలో ఉన్న చిక్కు ఇదే.

రంగాల మధ్య తేడా కూడా సగటులో మరుగున పడుతుంది. 2024-25 తొలి అంచనాలో సేవల రంగం 12.7 శాతం, పరిశ్రమలు 9 శాతం పెరిగాయి. వ్యవసాయం, దాని అనుబంధ రంగాలు కలిపి 0.15 శాతంతో ఉన్నచోటే ఉండిపోయాయి. ఆ ఏడాది పొలం మీద ఆధారపడిన ఇంటికి రెండంకెల వృద్ధి అన్న మాట పొరుగూరి వార్త లాంటిదే.

## విలువ ఒకచోట, మనుషులు మరోచోట

దేశం మొత్తం మీద చూస్తే ఈ ఎడం ఇంకా స్పష్టం. 2023-24 కార్మిక సర్వే ప్రకారం పని చేస్తున్నవారిలో 46.1 శాతం వ్యవసాయంలో ఉన్నారు. దేశ ఉత్పత్తిలో ఆ రంగం వాటా ఐదో వంతు కూడా లేదు. వస్తు తయారీలో ఉన్నవారు 11.4 శాతం. నిర్మాణంలో 12 శాతం. అంటే దేశానికి ఫ్యాక్టరీల కంటే ఇళ్లూ వంతెనలూ కట్టే పనులే కొంచెం ఎక్కువ మందికి కూడు పెడుతున్నాయి.

1954లో ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ ప్రతిపాదించిన నమూనా ఇక్కడ ఉపయోగపడుతుంది. పొలాల్లో అవసరానికి మించి ఉన్న శ్రమ క్రమంగా పరిశ్రమలకు తరలుతుంది. మిగులు శ్రమ దొరుకుతున్నంత కాలం కూలి పెద్దగా పెరగదు, లాభం తిరిగి పెట్టుబడి అవుతుంది. మిగులు తరిగిపోయాక కూలి పెరగడం మొదలవుతుంది. తూర్పు ఆసియా దేశాల అనుభవం చాలావరకు ఈ వరుసలోనే నడిచింది. మన దేశంలో వరుస తప్పింది. వ్యవసాయంలో పనిచేసేవారి వాటా 2018-19లో 42.5 శాతానికి తగ్గి, కోవిడ్ తరువాత మళ్లీ పైకి వచ్చింది. నగరం నుంచి ఊరికి తిరిగి వెళ్లినవారందరికీ పొలంలో కొత్త పని పుట్టలేదు. ఉన్న పనినే ఎక్కువ మంది పంచుకున్నారు.

నిరుద్యోగ రేటు మాత్రం 2017-18లో 6 శాతం ఉంటే 2023-24 నాటికి 3.2 శాతానికి దిగింది. ఈ తగ్గుదలను ఉపాధి విజయంగా చదివే ముందు ఒక విషయం గమనించాలి. గ్రామీణ మహిళా శ్రామికుల్లో స్వయం ఉపాధి కింద లెక్కకు వచ్చేవారు ఇదే కాలంలో 57.7 శాతం నుంచి 73.5 శాతానికి పెరిగారు. ఇంటి పొలంలో, ఇంటి కొట్టులో జీతం లేకుండా సాయం చేసే ఆడవారు కూడా ఈ కోవలోకే వస్తారు. సర్వే దృష్టిలో వారికి పని ఉంది. చేతికి వచ్చే జీతం ఉందా అన్నది వేరే ప్రశ్న.

చెన్నై విషయంలో లూయిస్ నమూనాకు ఇంకో మలుపు ఉంది. తమిళనాడు పల్లెల్లో మిగులు శ్రమ చాలావరకు తగ్గింది. 2011 జనగణన నాటికే రాష్ట్ర జనాభాలో 48.4 శాతం పట్టణాల్లో ఉన్నారు. అయినా చెన్నై శివారు పారిశ్రామిక కేంద్రమైన శ్రీపెరుంబుదూరులో సాదా కార్మికుడి కూలి ఆ మేరకు పెరగదు. ఎందుకంటే చెన్నైకి కావలసిన శ్రమ విజయనగరం, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్ నుంచి రైలెక్కి వస్తోంది. ఒక రాష్ట్రపు వృద్ధి దేశమంతటి శ్రమ సంతను తాకుతుంది. ఆ సంతలో పలికే ధరే ఇక్కడి కూలిని నిర్ణయిస్తుంది.

## ఒకే పారిశ్రామిక వాడలో రెండు లెక్కలు

చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న రాణిపేట జిల్లాలో పణపాక్కం అనే చోట తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికాభివృద్ధి సంస్థ సిప్‌కాట్ నడిపే పారిశ్రామిక వాడ ఉంది. అక్కడ టాటా మోటార్స్ 9,000 కోట్ల రూపాయలతో కార్ల కర్మాగారానికి 2024 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. ప్రకటించిన ఉద్యోగాలు 5,000. అదే వాడలో తైవాన్‌కు చెందిన హాంగ్ ఫు సంస్థ పాదరక్షల కర్మాగారానికి ప్రకటించిన పెట్టుబడి 1,500 కోట్లు, ఉద్యోగాలు 25,000.

ఒక్కో ఉద్యోగానికి పడే పెట్టుబడి లెక్కగడితే కార్ల దగ్గర అది 1 కోటి 80 లక్షలు, చెప్పుల దగ్గర 6 లక్షలు. ముప్పై రెట్ల తేడా. మరైమలై నగర్‌లో ఫోర్డ్ కథ ఇంకా దూరం వెళ్తుంది. 2021 సెప్టెంబరులో ఆ సంస్థ దేశంలో కార్ల తయారీ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించినప్పుడు చెన్నై ప్లాంటులో దాదాపు 2,600 మంది పర్మినెంటు కార్మికులు ఉన్నారు. 2025 అక్టోబరులో అదే ప్లాంటులో ఇంజన్లు తయారు చేయడానికి 3,250 కోట్లతో కొత్త ఒప్పందం కుదిరింది. నేరుగా వచ్చే ఉద్యోగాలు 600 పైచిలుకు. ఒక్కో ఉద్యోగానికి 5 కోట్ల పైమాటే.

దీన్నిబట్టి కార్ల కంటే చెప్పులే మేలు అనుకుంటే తొందరపాటు అవుతుంది. కార్ల పరిశ్రమ వెనుక విడిభాగాలు చేసే వందలాది చిన్న యూనిట్లు ఉంటాయి. అంబత్తూరు, గిండి, ఒరగడం ప్రాంతాల్లో లేతు పని, ప్రెస్ పని, అచ్చు పోసే పని నేర్చినవారికి ఆ ఆర్డర్లే ఆధారం. అక్కడ నైపుణ్యానికి విలువ ఉంది, దాంతో పాటు జీతమూ పెరుగుతుంది. చెప్పుల ఫ్యాక్టరీలో కొన్ని వారాల శిక్షణతో ఎవరైనా చేరవచ్చు, ముఖ్యంగా పదో తరగతితో చదువు ఆగిన పల్లె ఆడపిల్లలు చేరవచ్చు. అయితే పదేళ్ల తరువాత కూడా జీతం మొదటి మెట్టుకు ఎంతో దూరం పోదు. ఒకటి ఎక్కువ మందికి తలుపు తీస్తుంది, మరొకటి తక్కువ మందిని పైకి తీసుకుపోతుంది. రాష్ట్రానికి రెండూ కావాలి. పెట్టుబడి మొత్తాన్ని బట్టి పరిశ్రమలను పొగిడే పద్ధతిలో రెండోదే ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది.

## శ్రీపెరుంబుదూరు అనుభవం

వస్తు తయారీ పెరిగితే ఏమవుతుందో చూడడానికి దేశంలో ఇంతకంటే మంచి చోటు లేదు. కర్మాగారాల సంఖ్యలోనూ, వాటిలో పనిచేసేవారి సంఖ్యలోనూ తమిళనాడుదే మొదటి స్థానం. దేశంలో ఫ్యాక్టరీ పని చేసే మహిళల్లో పదింట నలుగురికి పైగా ఈ రాష్ట్రంలోనే ఉన్నారు. 2024-25లో ఇక్కడి నుంచి జరిగిన ఎలక్ట్రానిక్స్ ఎగుమతులు 1,465 కోట్ల డాలర్లు, దేశం మొత్తంలో దాదాపు 41 శాతం.

ఈ దారిలో మొదటి పాఠం నోకియా నేర్పింది. 2006లో శ్రీపెరుంబుదూరులో ఉత్పత్తి మొదలైంది. ఒక దశలో నేరుగా 8,000 మంది దాకా పనిచేశారు. నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మినప్పుడు పన్ను వివాదాల కారణంగా ఆ ప్లాంటు అందులో చేరలేదు. ఆర్డర్లు ఆగిపోయాయి. 2014 నవంబరులో మూతపడింది. దాని కోసమే నడిచిన సరఫరాదారులు కూడా ఒకరి వెనుక ఒకరు తలుపులు మూశారు. ఎగుమతి మీద, ఒకే కొనుగోలుదారు మీద నిలబడిన ఉపాధి ఎంత వేగంగా వస్తుందో అంత వేగంగానే పోగలదని అప్పుడు తెలిసింది. అక్కడ ఇరవై ఏళ్ల వయసులో చేరిన యువతకు మొబైల్ ఫోను బిగించే పని తప్ప వేరే విద్య రాలేదు. బయటికి వచ్చాక ఆ అనుభవానికి మార్కెట్‌లో విలువ లేదు.

కొన్నేళ్లకు ఫోన్ల తయారీ మరింత పెద్ద ఎత్తున తిరిగి వచ్చింది. ఈసారి వసతి సమస్య ముందుకు వచ్చింది. 2021 డిసెంబరులో ఫోన్లు తయారు చేసే ఫాక్స్‌కాన్‌లో పనిచేసే మహిళల హాస్టలులో ఆహారం విషతుల్యమై వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కార్మికులు చెన్నై–బెంగళూరు రహదారి మీద బైఠాయించారు. 2024 ఆగస్టులో వల్లం వడగాల్‌లో 18,720 మంది మహిళలు ఉండగల వసతి భవనాలను ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ 706 కోట్ల ఖర్చుతో కట్టి ప్రారంభించింది. ఇది సంక్షేమమా, పారిశ్రామిక రాయితీయా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఆడపిల్లలకు భద్రమైన గది దొరికింది. కంపెనీకి కార్మికుల వసతి సమస్య తీరింది. రెండూ నిజమే. గమనించవలసింది ఏమిటంటే, పరిశ్రమ పెరగడానికి కావలసిన ఖర్చులో ఒక భాగం ప్రజాధనం నుంచి వచ్చింది.

ఇక అసలు విషయం కాంట్రాక్టు పద్ధతి. దేశవ్యాప్తంగా ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు 2000 ప్రాంతంలో ఐదుగురిలో ఒకరు. పరిశ్రమల వార్షిక సర్వేల ప్రకారం ఇప్పుడు ఐదుగురిలో ఇద్దరు. యాజమాన్యాల వైపు నుంచి చూస్తే కారణాలు అర్థమవుతాయి. పండుగ సీజనులో ఆర్డర్లు రెట్టింపై తరువాత పడిపోతాయి. పర్మినెంటు కార్మికులను తీసేయడం చట్టపరంగా కష్టం. యూనియను పెట్టుకునే అవకాశం కూడా కాంట్రాక్టు కార్మికులకు తక్కువ. ఈ చివరి కారణాన్ని యాజమాన్యాలు పైకి చెప్పవు గానీ కార్మికులందరికీ తెలుసు.

పని చేసేవారి వైపు నుంచి చూస్తే దీని ఫలితం నెల జీతంతో ఆగదు. ఒకే లైనులో ఒకే స్క్రూ బిగించే ఇద్దరిలో ఒకరికి బోనసు, ప్రమోషను, గ్రాట్యుటీ ఉంటాయి. రెండోవారికి పదకొండో నెలలో బ్రేకు ఇచ్చి మళ్లీ కొత్తగా చేర్చుకుంటారు. సర్వీసు ఎప్పుడూ మొదటి ఏడాదే. బ్యాంకు ఇంటి రుణం ఇవ్వదు. పీఎఫ్ ఖాతా కాంట్రాక్టరు మారినప్పుడల్లా మారుతుంది. పాత ఖాతాలో డబ్బు తీసుకోలేక వదిలేసుకున్నవారు తక్కువేమీ కాదు. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐకి జీతం పరిమితి నెలకు 21,000 రూపాయల దగ్గర 2017 నుంచి ఆగిపోయింది. ఓవర్‌టైము కాకుండా జీతం ఆ గీత దాటితే కుటుంబం మొత్తం వైద్య రక్షణ నుంచి బయటికి వస్తుంది. మూడు నాలుగు వందల పెంపు కంటే ఆ కార్డే విలువైనదని చాలా ఇళ్లలో అనుకోవడానికి కారణం ఇది.

2024 సెప్టెంబరులో శ్రీపెరుంబుదూరు శామ్‌సంగ్ ప్లాంటులో మొదలైన సమ్మె 37 రోజులు సాగింది. జీతాల పెంపు అడిగినా, ప్రధాన వివాదం కార్మిక సంఘానికి గుర్తింపు గురించే. వృద్ధిలో వాటా అడగడానికి ముందు అడిగే హక్కు కావాలన్నది ఆ సమ్మెలోని సారాంశం. 2025 జనవరిలో సంఘం నమోదైంది. వాటా ఎంత అన్న బేరం ఆ తరువాతే మొదలైంది.

## ఓఎంఆర్ పక్కన కన్నగి నగర్

ఐటీ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. నెల్లూరు, తిరుపతి, గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీర్లకు పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) పాతికేళ్లుగా చిరునామా. ఈ రంగంలో ఒక్కో ఉద్యోగం విలువ ఎక్కువ, ఉద్యోగాల సంఖ్య తక్కువ. దేశం మొత్తం మీద ఐటీలో నేరుగా పనిచేసేవారు అరవై లక్షల లోపే. కోట్ల మంది శ్రామికులున్న దేశంలో అది చిన్న భాగం. ఇటీవల ఆదాయం పెరుగుతున్నా నియామకాలు అదే వేగంతో పెరగడం లేదు. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12,000 మందిని తగ్గించుకుంటామని ప్రకటించడం ఆ మార్పుకు గుర్తు.

ఐటీ ప్రభావం ఎక్కువగా పరోక్షంగానే పనిచేస్తుంది. ఇంజనీరు జీతం క్యాబు డ్రైవరుకు, వంట మనిషికి, సెక్యూరిటీ గార్డుకు, డెలివరీ అబ్బాయికి పని కల్పిస్తుంది. అదే జీతం చుట్టుపక్కల అద్దెలను కూడా పెంచుతుంది. నగరం మధ్యలోని మురికివాడల నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలను ప్రభుత్వం కన్నగి నగర్, సెమ్మంజేరి, పెరుంబాక్కంలకు తరలించింది. ఇవి ఓఎంఆర్ పక్కనే ఉన్నాయి. పాత చోటు నుంచి దూరమై పనులు పోగొట్టుకున్న కుటుంబాల్లో చాలామంది ఆడవారు ఐటీ భవనాల్లో హౌస్‌కీపింగ్‌లో చేరారు. ఉపాధి దొరికిందని ఒక లెక్క. పూర్వం నడిచి వెళ్లే దూరంలో ఉన్న బడి, ఆసుపత్రి, అప్పు ఇచ్చే పరిచయస్తుడు దూరమయ్యారని ఇంకో లెక్క. రాష్ట్రోత్పత్తిలోకి మొదటిదే ఎక్కుతుంది.

## మౌళివాక్కం గుర్తుచేసేది

ఫ్యాక్టరీలూ ఐటీ పార్కులూ పెరిగితే మొట్టమొదట పెరిగేది నిర్మాణం. సెంట్రింగు, కాంక్రీటు పనికి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి మేస్త్రీల వెంట భార్యాభర్తలు కలిసి వస్తారు. పని జరిగే చోటే రేకుల షెడ్లలో ఉంటారు. 2014 జూన్ 28న పోరూరు దగ్గర మౌళివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు చాలామంది. మృతుల పేర్లు, ఊర్లు తేల్చడం కూడా అప్పుడు అధికారులకు కష్టమైంది. మేస్త్రీ దగ్గర ఉన్న చేతి పుస్తకం తప్ప వారు అక్కడ పనిచేస్తున్నారనడానికి వేరే ఆధారం చాలా సందర్భాల్లో ఉండదు.

చట్టం లేక కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. నిర్మాణ వ్యయంలో కనీసం 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలని 1996 చట్టాలు చెప్పాయి. అంతకు రెండేళ్ల ముందే తమిళనాడులో నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఏర్పడింది. వృద్ధికీ సంక్షేమానికీ మధ్య నేరుగా వేసిన దారి ఇది. ఎంత ఎక్కువ కడితే నిధి అంత పెరుగుతుంది. అయితే నిధి నుంచి సాయం అందాలంటే కార్మికుడు సభ్యుడిగా నమోదు కావాలి. ఏటా రెండు మూడు చోట్లకు మారే మనిషికి, తమిళం చదవడం రాని మనిషికి, స్థానిక చిరునామా లేని మనిషికి ఆ నమోదే అడ్డుగోడ. సెస్సు మాత్రం అతను మోసిన ఇటుకల మీద కూడా వసూలవుతుంది. రేషను కార్డు విషయంలో 2020 అక్టోబరులో ఒకే దేశం ఒకే రేషను కార్డు విధానంలో తమిళనాడు చేరడంతో కొంత వెసులుబాటు వచ్చింది. సంక్షేమ బోర్డు సభ్యత్వానికి అలాంటి బదిలీ సౌకర్యం ఉంటే దాని ప్రభావం ఇంకా పెద్దది.

## రిప్పన్ భవనం ముందు పదమూడు రోజులు

ఉపాధి షరతులకూ సంక్షేమానికీ మధ్య ఉన్న సంబంధం 2025 ఆగస్టులో చెన్నై నగరపాలక సంస్థ కార్యాలయం ముందు బహిరంగంగా కనిపించింది. రాయపురం, తిరు వి.క. నగర్ జోన్లలో చెత్త సేకరణను ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ పారిశుద్ధ్య కార్మికులు, వారిలో అధిక సంఖ్యలో మహిళలు, రిప్పన్ భవనం ఎదుట పదమూడు రోజులు కూర్చున్నారు. హైకోర్టు ఉత్తర్వుల తరువాత ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వారిని తొలగించారు.

చెన్నై పారిశుద్ధ్య పనికీ తెలుగుకూ చాలా పాత బంధం ఉంది. తరతరాల క్రితం ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఈ పనిలో స్థిరపడిన దళిత కుటుంబాల్లో నేటికీ ఇంటి భాష తెలుగే. కార్పొరేషను పర్మినెంటు ఉద్యోగం ఆ కుటుంబాలకు కేవలం జీతం కాదు. పింఛను, పిల్లల చదువు, ఆ పని నుంచి తరువాతి తరం బయటపడే అవకాశం అన్నీ దాంతోనే ముడిపడి ఉన్నాయి. పర్మినెంటు ఖాళీలు నింపడం మానేసి తాత్కాలిక పద్ధతిలో తీసుకోవడం, ఆ తరువాత మొత్తం పనినే కాంట్రాక్టుకు ఇవ్వడం మెట్టుమెట్టుగా జరిగింది. ప్రైవేటు సంస్థ కిందికి వెళ్తే చేతికి వచ్చే జీతం తగ్గిపోతుందన్నది, ఏళ్ల సర్వీసు గాలిలో కలిసిపోతుందన్నది వారి ఆందోళన.

ఆందోళనకారులను తొలగించిన మరునాడే రాష్ట్ర మంత్రివర్గం పారిశుద్ధ్య కార్మికుల కోసం సంక్షేమ పథకాలు ప్రకటించింది. ఉచిత అల్పాహారం, వృత్తి సంబంధ జబ్బులకు వైద్యం, బీమా, ఇళ్లు వాటిలో ఉన్నాయి. ఈ పథకాల విలువను తక్కువ చేయనక్కర్లేదు. తెల్లవారకముందే పనికి వెళ్లే మనిషికి వేడి టిఫిను చిన్న విషయం కాదు. కానీ అడిగింది ఉద్యోగ భద్రత, అందింది సంక్షేమం. ఈ రెండింటికీ మౌలికమైన తేడా ఉంది. జీతం, సర్వీసు అనేవి హక్కులు. నిరాకరిస్తే కోర్టుకు వెళ్లవచ్చు. పథకం ఒక ఉత్తర్వుతో వస్తుంది, ఇంకో ఉత్తర్వుతో పోగలదు. ఉపాధి షరతులు సడలిన కొద్దీ ఆ లోటు పూడ్చే భారం ప్రభుత్వ పథకాల మీద పడుతుంది. ఆదా అయింది కాంట్రాక్టు బిల్లులో కనిపిస్తుంది, ఖర్చు సంక్షేమ పద్దులో కనిపిస్తుంది. రెండు పద్దులనూ పక్కపక్కన పెట్టి చూసేవారు అరుదు.

ప్రభుత్వ రంగంలో ఈ ధోరణి చెన్నైకే పరిమితం కాదు. 1990-91లో రైల్వేలు సుమారు 32 కోట్ల టన్నుల సరుకు మోశాయి, అప్పుడు సిబ్బంది 16 లక్షలకు పైగా. 2023-24లో మోసిన సరుకు సుమారు 159 కోట్ల టన్నులు, సిబ్బంది పన్నెండు లక్షల చిల్లర. కొంత సాంకేతికత వల్ల, కొంత బయటి కాంట్రాక్టుల వల్ల. పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారం చుట్టూ ఒకప్పుడు ఒక తరం తెలుగు కుటుంబాలు నిలదొక్కుకున్న ఉద్యోగాలు ఈ కోవవే.

## పన్ను ఏ ఖజానాకు చేరుతుంది

ఉద్యోగాల ద్వారా చేరని వృద్ధి పన్నుల ద్వారా చేరవచ్చు. ప్రభుత్వం పన్ను వసూలు చేసి బడులకు, ఆసుపత్రులకు, పథకాలకు ఖర్చు పెడితే ఫ్యాక్టరీలో పని దొరకని కుటుంబానికి కూడా వాటా అందుతుంది. ఈ దారిలో రెండు ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది జీఎస్టీ స్వభావం. 2017 జులై నుంచి పన్ను వస్తువు తయారైన చోట కాక, వాడిన చోటికి చేరుతుంది. ఒరగడంలో తయారైన కారు లక్నోలో అమ్ముడైతే రాష్ట్ర జీఎస్టీ ఉత్తరప్రదేశ్‌కు పోతుంది. విదేశాలకు ఎగుమతయితే పన్నే ఉండదు. అంటే తయారీ కేంద్రంగా ఎదిగిన రాష్ట్రానికి రోడ్లు, నీళ్లు, కరెంటు, కార్మికుల వసతి ఖర్చులు పెరుగుతాయి, వస్తువు మీద పన్ను మాత్రం నేరుగా రాదు. కార్మికులు తమ జీతం ఇక్కడే ఖర్చు పెడితేనే తిరిగి వస్తుంది. జీతాలు తక్కువగా ఉంటే ఆ దారి కూడా సన్నబడుతుంది. రెండోది కేంద్ర పన్నుల పంపకం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన సూత్రంలో తలసరి ఆదాయం తక్కువ ఉన్న రాష్ట్రాలకు అనుకూలించే కొలమానానికే 45 శాతం ప్రాధాన్యం ఉండేది. పేద రాష్ట్రాలకు ఎక్కువ వెళ్లడం న్యాయమే. వేగంగా పెరిగిన రాష్ట్రానికి మాత్రం తన వాటా కుదించుకుపోతుంది. ఆ సూత్రం కింద తమిళనాడు వాటా 4.079 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.047గా ఉండేవి.

ఈ ఇరుకులో రాష్ట్రానికి మిగిలిన సొంత వనరుల్లో మద్యం పెద్దది. 2024-25లో ప్రభుత్వ మద్యం దుకాణాల ద్వారా వచ్చిన పన్నులు 48 వేల కోట్లు దాటాయి. మహిళలకు నెలకు 1,000 రూపాయల పథకం 2023 సెప్టెంబరులో 1.06 కోట్ల మందితో మొదలైనప్పుడు ఏడాది ఖర్చు 13 వేల కోట్లకు దగ్గరగా ఉంది. ఇంటి మగవాడి కూలిలోంచి మద్యం పన్నుగా వెళ్లింది, ఇంటి ఆడమనిషి ఖాతాలోకి సాయంగా తిరిగి వస్తోంది. దీన్ని వృద్ధి ఫలం పంచడం అనడం కష్టం.

సంక్షేమం ఎప్పుడూ వృద్ధి తరువాతే రావాలన్న వాదనను మాత్రం ఈ నగర చరిత్ర ఒప్పుకోదు. 1920లో మద్రాసు కార్పొరేషను థౌజండ్ లైట్స్‌లోని బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టింది. అప్పటి కార్పొరేషను అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు. త్యాగరాయ నగర్‌కు ఆ పేరు ఆయనదే. 1956లో ముఖ్యమంత్రి కామరాజు దాన్ని రాష్ట్రానికి విస్తరించారు, 1982లో ఎం.జి.రామచంద్రన్ ఇంకా పెంచారు, 2022 నుంచి ఉదయం టిఫిను చేరింది. మొదటి అడుగులు పడినప్పుడు రాష్ట్రం సంపన్నమైనది కాదు. అన్నం కోసం బడికి వచ్చిన ఆ పిల్లల తరాలే తరువాత అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు చదువుకున్న కార్మికులయ్యారు. ఆడపిల్లలు పదో తరగతి దాటడానికీ, నేడు దేశపు ఫ్యాక్టరీ మహిళల్లో ఇంత వాటా ఇక్కడే ఉండడానికీ సంబంధం లేదనలేము. 2021లో మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం కూడా ఇలాంటిదే. ఇంటి పని చేసే ఆడమనిషి రోజుకు ముప్పై రూపాయలు మిగలడంతో రెండు స్టాపుల అవతల మంచి జీతం ఇచ్చే ఇంటిని వెతుక్కోగలుగుతుంది. తెలంగాణ 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులో ఇదే దారి పట్టాయి.

## సరిహద్దు అవతల శ్రీసిటీ

చెన్నైకి ఉత్తరాన 55 కిలోమీటర్ల దూరంలో, తడ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో శ్రీసిటీ ఉంది. చెన్నై ఓడరేవులు, చెన్నై ఇంజనీర్లు, ఆంధ్ర భూములు, ఆంధ్ర రాయితీలు కలిసి పుట్టిన పారిశ్రామిక నగరం అది. సూళ్లూరుపేట, సత్యవేడు పల్లెల ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో అక్కడికి వెళ్తారు. ఊరు వదలకుండా నెల జీతం రావడం ఆ ఇళ్లలో పెద్ద మార్పు.

రెండు రాష్ట్రాల పోటీలో కార్మికుడికి లాభం ఉందా అన్నది పోటీ దేని మీద అన్నదాన్ని బట్టి ఉంటుంది. నైపుణ్యం, రోడ్లు, కరెంటు మీద అయితే రెండు వైపులా మేలే. పని గంటల మీద అయితే కథ వేరు. తమిళనాడు 2023 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటల పనికి వీలిచ్చే బిల్లు ఆమోదించి, కార్మిక సంఘాలు, మిత్రపక్షాలు వ్యతిరేకించడంతో మే డే నాడు ఉపసంహరించుకుంది. ఆంధ్రప్రదేశ్ 2025 జూన్‌లో రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఒక రాష్ట్రం సడలిస్తే పక్క రాష్ట్రం మీద ఒత్తిడి పడుతుంది. ఇలాంటి పోటీలో గెలిచిన రాష్ట్రానికి వచ్చే ఉద్యోగం కూడా ఓడిన దాని కంటే మెరుగ్గా ఉండదు.

## ఇకపై గమనించవలసినవి

2025 నవంబరు 21న, పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వాటిలో రెండు అంశాలు పైన చెప్పిన లెక్కలను నేరుగా మార్చగలవు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నది ఒకటి. మౌళివాక్కం లాంటి చోట ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో తెలియని స్థితిని అది సరిచేయగలదు, తనిఖీ జరిగితే. నిర్ణీత కాలానికి కంపెనీయే నేరుగా తీసుకునే ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ ఇవ్వాలన్నది రెండోది. దీని ఫలితం రెండు రకాలుగా ఉండవచ్చు. కాంట్రాక్టరును పక్కన పెట్టి కంపెనీలు నేరుగా నియమించుకుంటే ఇప్పటి కాంట్రాక్టు కార్మికుడికి మేలు. పర్మినెంటు కొలువులనే నిర్ణీత కాలపు కొలువులుగా మార్చితే నష్టం. ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తొలగించవచ్చని వంద మంది దాకా ఉన్న సంస్థలకే ఉన్న సడలింపు ఇప్పుడు మూడు వందల దాకా విస్తరించడం రెండో వైపుకే మొగ్గుతుంది.

ఏది జరుగుతుందో రాబోయే పరిశ్రమల వార్షిక సర్వేల్లో కాంట్రాక్టు కార్మికుల వాటా చెబుతుంది. నలభై శాతం నుంచి అది దిగితే స్మృతులు పనిచేసినట్లు. ప్రభుత్వాలు పెట్టుబడి ఒప్పందాల్లో కోట్ల రూపాయల పక్కన మొత్తం ఉద్యోగాల సంఖ్యను మాత్రమే ప్రకటిస్తున్నాయి. నేరుగా ఎంతమంది, కాంట్రాక్టు మీద ఎంతమంది, తొలి జీతం ఎంత అన్న మూడు అంకెలను కూడా రాయితీకి షరతుగా పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. భూమి, కరెంటు, హాస్టలు ఇస్తున్న చేతికే ఆ వివరాలు అడిగే అధికారం ఉంది.